మూడు కళావర్ల ధర

పురానీ హవేలీ వెనక గల్లీలో, 1851 నుంచి నాన్‌లు కాలుస్తున్న మున్షీ నాన్ దుకాణానికి కూతవేటు దూరంలో ఒక పాత ఇంటి మేడమీద ఆదివారం మధ్యాహ్నాలు నలుగురు కూర్చుని బ్రిడ్జి ఆడతారు. క్లబ్బు కాదు. బోర్డు లేదు, చందా లేదు, కోటు వేసుకు రావాలన్న నియమం లేదు. జంటనగరాల్లో బ్రిడ్జి అంటే సికింద్రాబాద్ క్లబ్బు, నిజాం క్లబ్బు అనుకునేవాళ్లు మూసీ దాటి ఇటు రారు. నేను వెళ్లింది అందుకే.

గది నిండా లా జర్నళ్లు. నడుమ ఆకుపచ్చ గుడ్డ పరిచిన చదరపు బల్ల. ఇంటాయన హైకోర్టు నుంచి రిటైరైన వకీలు. అందరికీ వకీల్ సాబ్. ఆయనకు ఎదురుగా, అంటే ఆయన జోడీగా కూర్చునేది మక్కా మసీదు ఎదుటి యునానీ దవాఖానాలో పనిచేసిన హకీమ్ సాబ్. రెండో జోడీలో ఒకరు లెక్కల లెక్చరర్‌గా చేసిన మేడమ్, మరొకరు ఆమె దగ్గర ఒకప్పుడు చదువుకుని ఇప్పుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కుర్రాడు. అతను బ్రిడ్జి నేర్చింది కంప్యూటర్ తెర మీద. మిగతా ముగ్గురూ నేర్చింది ఓడిపోయి. పేర్లు వేయొద్దన్నారు. “పేకాట అని రాస్తారు. మా చుట్టాలకు పేకాటంటే ఒకటే తెలుసు” అన్నారు మేడమ్.

ఆ మాట వినగానే వకీల్ సాబ్ లేచి బీరువాలోంచి 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పుల సంపుటం దింపారు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో డబ్బుపెట్టి రమ్మీ ఆడుతున్న వాళ్లను నిజాం కాలపు జూద చట్టం కింద పట్టుకున్నారు. కేసు ఇక్కడి హైకోర్టుకు వచ్చింది. ఈ ఇంటి నుంచి నడిచివెళ్లగలిగేంత దగ్గర్లో, మూసీ ఒడ్డున, 1920లో తెరిచిన ఎర్రరాతి భవనమే అది. శిక్షలు కొట్టేశారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1967లో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాస్తూ, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలిసుండాలని, అందులో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేపాటిదేనని తేల్చారు. అంటే రమ్మీకి బ్రిడ్జి జామీను పడిందన్నమాట. ఆ తర్వాత 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఈ బల్ల మీద మాత్రం పైసా కనబడదు. ఓడిన జోడీ చాయ్ తెప్పించడం కూడా లేదు, చాయ్ ఎలాగూ లోపల్నుంచి వస్తుంది.

“జడ్జిగారు ముక్కలు పంచేదాంట్ల అదృష్టం ఉన్నదన్నరు. పాట గురించి ఏమన్నా అన్నరా? అనలే. పాటల అదృష్టం లేదు, అంత బుద్ధే,” అన్నారు వకీల్ సాబ్.

పాట అంటే బిడ్డింగ్. ముక్కలు వేయకముందే ఏ రంగు తురుపుగా ఎన్ని పట్లు చేస్తామో వంతులవారీగా పాడుకోవడం. ఒకటి నుంచి ఏడు దాకా ఏడు అంతస్తులు (అంకెకు ఆరు కలిపితే పట్ల లెక్క), ఒక్కో అంతస్తులో కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, తురుపులేని నో ట్రంప్: మొత్తం 35 పాటలు. పాస్, డబుల్, రీడబుల్ పక్కనపెడితే జోడీతో మాట్లాడుకోవడానికి ఉన్న భాషంతా ఇదే. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ధనవంతుడు పనామా కాలువ మీదుగా ఓడ ప్రయాణం చేస్తూ మార్చిన నియమాల వల్లే ఈ పాటకు ఇంత విలువ వచ్చింది. అంతకుముందు ఆటలో తక్కువ పాడి ఎక్కువ పట్లు తెచ్చుకున్నా లెక్కకొచ్చేవి. ఆయన నియమంలో పాడినవే లెక్క. పన్నెండు పట్లు తెచ్చుకుని కూడా ఆ మేరకు పాడకపోతే స్లామ్ బహుమానం రాదు. కాబట్టి చేతిలో బలం ఉండటం ఒకటి, ఉందని ఎదుటి కుర్చీకి చెప్పగలగడం మరొకటి.

ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. పేక మొత్తంలో 40 పాయింట్లు. జోడీ ఇద్దరికీ కలిపి 25 ఉంటే గేమ్, అంటే మూడు నో ట్రంప్, నాలుగు ఇస్పేట్ల వంటి బహుమానం తెచ్చే పాట, ఆశించవచ్చు, 33 ఉంటే పన్నెండు పట్ల చిన్న స్లామ్. వంకర చేతులకు, అంటే ఒకే రంగు పొడుగ్గా ఉన్నవాటికి, అంతకన్నా తక్కువ చాలు. నేను చూడబోయింది ఈ 25కీ 33కీ నడుమ ఉన్న ప్రదేశం. బ్రిడ్జిలో జోడీలు విడిపోయేది అక్కడే.

అమెరికా పడమటి తీరంలో రిచర్డ్ వాల్ష్, ఆ తర్వాత తన పుస్తకాలతో మ్యాక్స్ హార్డీ వ్యాప్తిలోకి తెచ్చిన ‘టూ ఓవర్ వన్’ పద్ధతిలో ఈ నలుగురూ ఆడతారు. మొదటివాడు ఒక ఇస్పేటు అంటాడు. ఎదుటివాడు రెండు కళావర్లో రెండు డైమన్లో రెండు ఆఠీన్లో అంటే, మనిద్దరికీ కలిపి గేమ్‌కు సరిపడా ఉంది, గేమ్ చేరేదాకా ఎవరూ పాస్ అనకూడదు అని అర్థం. గేమ్ ఫోర్సింగ్ అనేది దీన్నే. వకీల్ సాబ్ మాటల్లో: “ఫలక్‌నుమా దాకా టికెట్ కొన్నంక చార్మినార్ కాడ దిగుడు లేదు.”

కొత్తగా నేర్చుకునేవాడికి ఇది హాయిగా ఉంటుంది, జోడీ మధ్యలో వదిలేస్తుందన్న భయం ఉండదు గనక. కానీ భయం పోయినచోటే అసలు చిక్కు మొదలవుతుంది. మామూలు పాటలో ఎగిరి పాడితే బలం, ఆగితే బలహీనత. గేమ్ ఖాయమైన పాటలో ఎవరూ ఆగరు. ఎగరడానికి ఎవరికీ తొందర లేదు. మరి మొదటివాడు రెండోసారి నోరు తెరిచినప్పుడు, అంటే రీబిడ్ చేసినప్పుడు, నాది 12 పాయింట్ల చెయ్యో 17 పాయింట్ల చెయ్యో ఎలా చెప్పాలి?

నేను కూర్చున్న కాసేపటికే ఆ ప్రశ్న బల్ల మీదికి వచ్చింది. కుర్రాడి చేతిలో ఇస్పేటు ఆసు, జాకీ, 9, 6, 5. ఆఠీను 7 ఒంటరిగా. డైమను రాజు, 6. కళావరు రాజు, జాకీ, 9, 6, 4. ఐదూ ఐదూ, 12 పాయింట్లు. ఒక ఇస్పేటు అన్నాడు. మేడమ్ చేతిలో ఇస్పేటు రాణి, 4. ఆఠీను ఆసు, రాజు, 10, 8, 3. డైమను ఆసు, 7, 3. కళావరు రాణి, 10, 5. ఆమెకు 15. రెండు ఆఠీన్లు అన్నారు. కుర్రాడు మూడు కళావర్లు పెట్టాడు. మేడమ్ కళ్లు కొంచెం పెద్దవయ్యాయి. నాలుగు కళావర్లు అన్నారు, తర్వాత ఆసులు అడిగారు, ఒక్క ఆసే లేదని తెలుసుకుని ఆరు కళావర్లకు పోయారు.

లేనిది తురుపు ఆసు, అది వకీల్ సాబ్ దగ్గరుంది. ఇస్పేటు రాజు కూడా ఆయన దగ్గరే, కుర్రాడికి ఎడమపక్కన, ఏ ఎత్తుకూ దొరకనిచోట. ఆసుతో ఒక పట్టు, రాజుతో ఒక పట్టు. స్లామ్ ఒక్క పట్టుతో పోయింది. మూడు నో ట్రంప్ దగ్గర ఆగి ఉంటే తురుపు ఆసు బయటికి రప్పించాక కళావరులో నాలుగు, ఆఠీనులో రెండు, డైమనులో రెండు, ఇస్పేటు ఆసు: తొమ్మిదికి తొమ్మిది ఉన్నాయి.

“నీ చేతుల ఏమున్నదని మూడు కళావర్లు పెట్టినవ్?” అన్నారు వకీల్ సాబ్.

“సార్, ఐదు కళావర్లున్నాయి కదా. షేప్ చెప్పాను.”

“షేప్ చెప్పుడు పైసలు లేకుంట చెప్తరా?”

ఆ మధ్యాహ్నమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. వకీల్ సాబ్ వాదన ఇది. రెండు ఆఠీన్ల తర్వాత మూడు నో ట్రంప్ దాకా ఏడు పాటలే మిగులుతాయి. రెండు ఇస్పేట్లు అంటే మొదటిదే వాడుకున్నట్టు. మూడు కళావర్లు అంటే మూడోది. వెనకనున్న రెండూ పోయాయి. జోడీ మాట్లాడాల్సిన జాగా తిన్నప్పుడు దానికి వెల కట్టాలి, ఆ వెల 15 పాయింట్లు. అంత లేనివాడు ఎన్ని కళావర్లున్నా రెండు ఇస్పేట్లు అని ఊరుకోవాలి. అది ఆరు ఇస్పేట్లున్నాయన్న హామీ కాదు, చెప్పుకోవడానికి ఎక్కువేమీ లేదన్న మాట. జోడీ రెండు నో ట్రంప్ అంటే అప్పుడు మూడు కళావర్లు పెట్టొచ్చు. అదే మూడు కళావర్లు, ఒక చుట్టు ఆలస్యంగా. ఈసారి దాని అర్థం రెండో రంగు ఉంది, మిగులు బలం లేదు అని. అప్పుడు మేడమ్ తన 15తో నిమ్మళంగా మూడు నో ట్రంప్ అనేవారు.

తర్వాత ఆయన పేకలోంచి రెండు ముక్కలు మార్చారు. కుర్రాడి ఇస్పేటు జాకీ తీసి రాజును, కళావరు రాజును తీసి ఆసును పెట్టారు. మొత్తం మూడు పాయింట్లు పెరిగాయి, చెయ్యి 15 అయింది. మేడమ్ చెయ్యి మారలేదు. ఇప్పుడు అదే ఆరు కళావర్లు చూడండి: ఇస్పేటులో ఆసు, రాజు, రాణి మూడూ మనవే, ఒక ఇస్పేటు ఆఠీను రాజు మీద పారేసుకోవచ్చు, ఇంకొకటి మేడమ్ చేతిలో తురుపుతో కోయించవచ్చు. కళావరు రాజు ఏ పక్కనున్నా పోయేది ఆ ఒక్క పట్టే. ఇద్దరికీ కలిపి 30 పాయింట్లు, 33 కూడా లేవు, అయినా చక్కటి స్లామ్. మేడమ్ అప్పుడు చేసిన పాట తప్పు కాదని, ఆమె నమ్మిన మాటే అబద్ధమని దీంతో తేలింది. మేడమ్ ఏమీ అనలేదు. కుర్రాడి వైపు చూశారంతే.

హకీమ్ సాబ్ మాత్రం కుర్రాడి పక్షం తీసుకున్నారు. తన జోడీ మీద ఆయనకున్న ప్రేమ అలాంటిది. “నక్కో వకీల్ సాబ్. పన్నెండు పాయింట్లోడు కూడ రెండు ఇస్పేట్లే, ఆరు ఇస్పేట్లోడు కూడ రెండు ఇస్పేట్లే, ఐదు మూడు మూడు రెండోడు కూడ గదే. నబ్జ్ ఒక్కటే, బీమారీలు మూడు. నేనేం మందిచ్చేది?” అన్నారు. ఆయన దృష్టిలో బలం కంటే ఆకారం ముందు తెలియాలి. బలం తర్వాత చెప్పుకోవచ్చు. ఇవాళ ప్రపంచవ్యాప్తంగా టూ ఓవర్ వన్ ఆడేవాళ్లలో ఈ మతం వాళ్లు తక్కువేం కాదు. మూడో అంతస్తులో కొత్త రంగు పెట్టడానికి 15 ఉండాలా అక్కర్లేదా అన్నది కొత్త జోడీ ఎవరైనా మొదట తేల్చుకోవాల్సిన సంగతుల్లో ఒకటి.

మేడమ్ లెక్కల మనిషి కాబట్టి మధ్యేమార్గం పట్టలేదు, రెండు వాదాలకూ గండి చూపించారు. వకీల్ సాబ్ పద్ధతిలో రెండు ఇస్పేట్ల తర్వాత జోడీ రెండు నో ట్రంప్ అనకుండా మూడు డైమన్లో మూడు ఆఠీన్లో అంటే కళావర్ల మాట మూడు నో ట్రంప్ లోపల ఇక చెప్పలేం. హకీమ్ సాబ్ పద్ధతిలో మూడు కళావర్లు 12 నుంచి 20 దాకా దేనికైనా సరిపోతుంది, దాంతో జోడీ ప్రతిసారీ చీకట్లో చెయ్యి చాపాలి. రెండింట్లోనూ నష్టం ఉంది, ఏ నష్టం తక్కువసార్లు వస్తుందో చూసుకోవాలి అన్నారామె. 13 ముక్కల చేతులు 63,501 కోట్లకు పైగా ఉన్నాయని చెప్పి, వాటన్నిటికీ 35 పాటలు చాలవన్న సంగతి గుర్తుచేశారు.

నా ఓటు వకీల్ సాబ్‌కే. ఐదు కళావర్లున్నాయని తెలియకపోతే ఒక్కోసారి మంచి తురుపు తప్పిపోతుంది, నిజమే. అయినా గేమ్ సాధారణంగా నిలుస్తుంది. బలం లేకుండా ఉందని చెబితే జోడీ గేమ్ దాటిపోతుంది, వెనక్కి రావడానికి దారి ఉండదు. కాకపోతే హకీమ్ సాబ్ నాడి సంగతి మరీ కొట్టిపారేయదగింది కాదు. రెండు ఇస్పేట్లు అనే పాట మోయాల్సిన బరువు చాలా ఎక్కువ.

తర్వాతి చాయ్ దాకా మరో తగువు నడిచింది. ఇది పాతది, తేలికైంది కూడా. ఒక ఇస్పేటు, రెండు డైమన్లు, రెండు ఇస్పేట్లు. ఇప్పుడు ఎదుటివాడి చేతిలో మూడు ఇస్పేట్లున్నాయి, తురుపు ఖాయం చేయాలి. మూడు ఇస్పేట్లు అనాలా, ఒకేసారి నాలుగు అనాలా? బ్రిడ్జి తెలియనివాణ్ణి ఎవరినడిగినా నాలుగే గట్టిది అంటాడు. గేమ్ ఖాయమైన పాటలో అది తలకిందులు. నేరుగా గేమ్‌కు దూకినవాడు నా దగ్గర ఇంతకు మించి లేదు, ఇక్కడితో ముగిద్దాం అంటున్నాడు. మూడు దగ్గర ఆగినవాడు చర్చకు జాగా మిగిల్చాడు, ఎందుకంటే చర్చించడానికి అతని దగ్గర సరుకుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని ‘ఫాస్ట్ అరైవల్’ సూత్రమంటారు. వకీల్ సాబ్ అన్నది ఇంకా పొట్టిగా ఉంది: “జల్ది వచ్చినోడు ఖాళీ చేతులతోని వచ్చినట్టే.”

మూడు ఇస్పేట్ల తర్వాత ఏమవుతుందన్నది మరింత సొగసైన సంగతి. ఎనిమిది ఇస్పేట్లు కుదిరాక మూడు నో ట్రంప్ ఆడాలన్న కోరిక ఎవరికీ ఉండదు, ఆ పాట ఊరికే పడి ఉంటుంది. అమెరికన్ ఆటగాడు ఎరిక్ రాడ్‌వెల్ దానికి పని కల్పించాడు. మూడు నో ట్రంప్ అంటే నాకు స్లామ్ మీద నిజంగా ఆశ ఉంది అని. దాన్ని దాటేసి నాలుగు కళావర్లో డైమన్లో అంటే ఆ రంగులో ఆసో రాజో ఉంది, నువ్వు బలంగా ఉంటే పనికొస్తుందని చెబుతున్నాను, నా అంతట నాకు ఆశ లేదు అని. ఏమీ లేకపోతే నాలుగు ఇస్పేట్లు. కొందరు సరిగ్గా దీనికి విరుద్ధంగా ఆడతారు, మూడు నో ట్రంప్‌నే ఆశలేని పాటగా పెట్టుకుంటారు. ఏదైనా ఒకటే, ఇద్దరూ ఒక్కటే ఆడినంతకాలం. ఈ బల్ల మీద ఒకప్పుడు వకీల్ సాబ్ ఒకటి, హకీమ్ సాబ్ ఒకటి ఆడేవారట. దాని ఫలితాల గురించి మేడమ్ నవ్వారు గానీ వివరించలేదు.

ఇక్కడ నెమ్మది అంటే పాటల్లో నెమ్మది. గడియారంలో కాదు. మూడు ఇస్పేట్లు అనడానికి రెండు నిమిషాలు ఆలోచించి నిట్టూర్చి పెడితే ఆ నిట్టూర్పు కూడా ఒక మాటే అవుతుంది, జోడీ దాన్ని వాడుకోకూడదు. బ్రిడ్జి నియమావళిలో పదహారో నియమమంతా దాని గురించే. అందుకే ఈ ఇంట్లో కూడా నోటితో పాడరు. పోటీల్లో వాడే బిడ్డింగ్ బాక్సులే ఒక్కొక్కరి మోకాలి దగ్గర ఉన్నాయి, పాట రాసిన చీటీ తీసి బల్ల మీద పెట్టడమే. అవి కొనడానికి కారణం హకీమ్ సాబ్ గొంతు. నోటితో పాడే రోజుల్లో ఆయన “దో ఇస్పేట్” అన్న తీరును బట్టే ఎన్ని పాయింట్లున్నాయో గోడవతల వాళ్లకు కూడా తెలిసేదని మేడమ్ ఫిర్యాదు. హకీమ్ సాబ్ ఒప్పుకోలేదు, కాదనలేదు.

కుర్రాడు ఒకసారి విసుగ్గా, ఇది ముసలివాళ్ల ఆట అని అందరూ వెక్కిరిస్తారన్నాడు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిని మొదటిసారి పెట్టినప్పుడు భారత్‌కు పురుషుల జంటల్లో స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు 60, శివనాథ్ సర్కార్‌కు 56 ఏళ్లని మేడమ్ అందించారు. అప్పుడే కాంస్యం గెలిచిన మిక్స్‌డ్ జట్టులో కిరణ్ నాడార్, హేమా దేవరాలతోపాటు బాచిరాజు సత్యనారాయణ కూడా ఉన్నారు. ఆ తర్వాతి హాంగ్‌జౌ క్రీడల్లో పురుషుల జట్టు రజతం తెచ్చింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆసియా పతకం కోసం సాధన మొదలుపెట్టగల ఆట ఇంకోటి చెప్పు అన్నారు వకీల్ సాబ్. కుర్రాడు చదరంగం అన్నాడు. అందులో నలభై ఎనిమిదేళ్లవాళ్లు పదహారేళ్ల పిల్లల చేతిలో ఓడుతున్నారని హకీమ్ సాబ్ గుర్తుచేశారు.

చీకటిపడే వేళకు కన్వెన్షన్ కార్డు తీశారు. జోడీ ఏ పాటకు ఏ అర్థం పెట్టుకుందో రాసుకునే అట్ట అది, పోటీల్లో ప్రత్యర్థులు అడిగితే చూపాలి. వకీల్ సాబ్, హకీమ్ సాబ్‌ల కార్డులో ఇద్దరికీ ఒప్పందం కుదరని గడి ఒకటి ఖాళీగా ఉండిపోయింది. ఒక ఇస్పేటు, రెండు కళావర్ల తర్వాత అన్ని రంగులూ సమంగా ఉన్న చేతికి రెండు నో ట్రంప్ ఎన్ని పాయింట్లు, మూడు నో ట్రంప్ ఎన్ని?

ఐదు ఇస్పేట్లున్నా సరే, సమమైన 15 నుంచి 17 పాయింట్ల చేతితో మొదటే ఒక నో ట్రంప్ అనేస్తే రీబిడ్‌కు మిగిలేవి రెండు గుంపులు: 12 నుంచి 14, 18 నుంచి 19. చిన్నదానికి రెండు నో ట్రంప్, పెద్దదానికి మూడు నో ట్రంప్ అని కుర్రాడు చటుక్కున చెప్పాడు. సహజంగా తోచేదే. కానీ మధ్యాహ్నమంతా నెమ్మదిగా పోయినవాడికే బలం అని వాదించి ఇప్పుడు 18 పాయింట్ల చేతిని మూడు నో ట్రంప్‌లోకి దూకించడమేమిటి? ఆ పాట తర్వాత స్లామ్ గురించి మాట్లాడుకునే జాగా దాదాపు ఉండదు. అందుకని వకీల్ సాబ్ రెండు గుంపులనూ రెండు నో ట్రంప్‌లోనే పెట్టమన్నారు. జోడీ మూడు నో ట్రంప్‌తో ముగించబోతే 18 పాయింట్లవాడు నాలుగు నో ట్రంప్ అని లేచి కూర్చుంటాడు. ఎదుట 12 ఉన్నా కలిపి 30, పది పట్లకు ఢోకా ఉండదు. అప్పుడు మూడు నో ట్రంప్ ఖాళీ అయిపోతుంది. ఒక నో ట్రంప్‌తో మొదలుపెట్టడం ఇష్టంలేని 15 నుంచి 17 చేతులకు దాన్ని ఇవ్వొచ్చు.

“ఆ చేతులతో నేను ఎప్పుడూ ఒక నో ట్రంప్‌తోనే మొదలుపెడత,” అన్నారు హకీమ్ సాబ్. “మీరు ఇచ్చిన పాట నాకెందుకు?”

వకీల్ సాబ్ పెన్సిల్‌తో 12–14 లేదా 18–19 అని రాశారు. మూడు నో ట్రంప్ ఎదుట 15–17 అని రాసి, పక్కన ‘వకీల్ మాత్రమే’ అని చేర్చారు. జోడీలో ఒకడికే వర్తించే ఒప్పందం నియమాల ప్రకారం చెల్లదని మేడమ్ అన్నారు. ఏ నియమమో చూపమని ఆయన, చూపిస్తానని ఆమె నియమావళి పుస్తకం కోసం లా జర్నళ్ల మధ్య వెతకడం మొదలుపెట్టారు. హకీమ్ సాబ్ ఆలోగా పేక కలిపి కుర్రాడి చేత కోయించి, పంచడం మొదలుపెట్టారు.